గుర్రం మీది రాజు

ఠంగుగారికి కుదురు లేదు. పుట్టుకతోనే లేదని వాళ్ళమ్మ అనేదట. పెళ్ళయ్యాక పోయిందని ఆయన అంటాడు. ఆ పాడు నాణేలు ఇంట్లోకి వచ్చాకే పోయిందని ఆయన భార్య ఘంటాపథంగా చెబుతుంది. ఎవరి మాట నిజమైనా, మనిషి కుర్చీలో కూర్చున్నాడంటే కుడికాలు ఊగడం మొదలవుతుంది. కాలు ఊగితే టేబులు ఊగుతుంది, టేబులు ఊగితే కప్పు సాసరులో గలగలలాడుతుంది, వంటగదిలోంచి ఆవిడ "కాస్త ఆ భూకంపం ఆపుతారా" అంటుంది. పోనీ సాసరు ఇవ్వడం మానేద్దామా అంటే ఆయన ఒప్పుకోడు. జీవితమంతా పింగాణీ కొట్లో పనిచేసినవాడు సాసరు లేకుండా టీ తాగితే పరువేం కావాలి?

కొట్టు బజారులో గొడుగులు బాగుచేసే దుకాణానికీ తాళాల దుకాణానికీ మధ్య ఉంది. నేల నుంచి పైదాకా చెక్క అరలు, అరల నిండా కప్పులు, గిన్నెలు, పూల కూజాలు. ఇద్దరు లావుపాటి మనుషులు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సిందే. అందులో ఆయన పని కప్పుల్ని వినడం. అవును, వినడమే. కొత్త సరుకు వచ్చాక ఒక్కో కప్పునీ చెవి పట్టుకుని ఎడమచేతి వేలికి తగిలించుకుంటాడు. కుడిచేతి గోటితో అంచు మీద ఒక్కటి మీటుతాడు. ఠంగ్‌మంటే అరలోకి. టప్‌మంటే వెలుతురు దగ్గరికి పట్టుకెళ్ళి వెతుకుతాడు, ఎక్కడో ఒకచోట వెంట్రుక మందాన పగులు దొరుకుతుంది. కంటికి ముందు దొరకదు, చెవికే దొరుకుతుంది. అలా పొద్దస్తమానం ఠంగ్ ఠంగ్ మనిపించడం వల్ల బజారులో ఆయన అసలు పేరు అందరూ మర్చిపోయారు. జీతం కాగితం మీద తప్ప ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు కూడా.

ఆ నాణేల పిచ్చి కూడా కొట్లోనే అంటుకుంది. పనిలో చేరిన కొత్తలో సముద్రం మీద ఒక పెట్టె వచ్చింది. అందులో ప్రతి కప్పుకీ కాగితాలు చుట్టి ఉన్నాయి, ఏదో వేలంపాట పుస్తకంలోంచి చింపిన కాగితాలు. అందరూ వాటిని ఉండ చుట్టి పారేస్తుంటే ఈయన ఒకదాన్ని మోకాలి మీద పెట్టుకుని సాపు చేశాడు. అందులో అరచేతిలో సగమంత బంగారు నాణెం బొమ్మ. దాని మీద గుర్రం. నాలుగు కాళ్ళూ గాలిలో ఉన్నాయి. దాని మీద కత్తి ఎత్తిన రాజు. నిలకడ అనేది లేని గుర్రం, దాని మీద నిలకడ లేని మనిషి. చెప్పొద్దూ, మనవాడికి చుట్టాన్ని చూసినట్టు అనిపించింది.

కింద ఉన్న అక్షరాలు చదివించుకోవడానికి భాషలు చెప్పే మాస్టారి ఇంటి చుట్టూ తిరిగాడు. ఫ్రాన్సు దేశపు నాణెమట. వందల ఏళ్ళ కిందటిదట. యుద్ధంలో శత్రువులకి దొరికిపోయిన రాజుని విడిపించుకునే రోజుల్లో కొట్టించిందట. ఆయన తర్వాత గద్దెనెక్కిన కొడుకు కూడా అలాంటి నాణేన్నే వేయించాడు గానీ, తను గుర్రం దిగి నేల మీద నిలబడ్డాడట. తండ్రి గుర్రం మీద, కొడుకు నేల మీద. ఈ ముక్క విన్న రోజు నుంచి ఆ తండ్రీకొడుకుల్ని పక్కపక్కన చూడాలన్న కోరిక ఆయన్ని పట్టుకుంది. అలా పట్టుకున్న కోరిక మళ్ళీ వదల్లేదు.

పింగాణీ కొట్టు జీతంతో పాత బంగారు నాణేలు కొనడం అయ్యే పనేనా అని మీరు అడగొచ్చు. అయ్యే పని కాదు. అందుకే చాలా ఏళ్ళు పట్టింది. స్కూటరు కొనలేదు, సిగరెట్టు ముట్టలేదు, ఒక్క కోటుని తిప్పి కుట్టించుకుని మళ్ళీ తొడుక్కున్నాడు. అలా కడుపు కట్టుకుని ముందు కిరీటం, డాలు ఉన్న నాణెం కొన్నాడు. తర్వాత చాన్నాళ్ళకి జెండా మోస్తున్న గొర్రెపిల్ల నాణెం. ఆ తర్వాత, ఆవిడతో నెల్లాళ్ళు మాటలు లేకుండా పోయాక, నిలబడ్డ కొడుకు. వాటికి చెక్కతో ఒక పెట్టె చేయించి, లోపల ముఖమల్ గుడ్డ పరిచి, నాలుగు గుంటలు పెట్టించాడు. మూడు నిండాయి. నిలబడ్డ కొడుకు పక్కన నాలుగో గుంట ఖాళీ. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ ఆ గుంట చూపించి, "ఇది నా సవతికి కట్టించిన ఇల్లు, ఇంకా గృహప్రవేశం కాలేదు" అనేది.

ఆవిడ ఎంత దెప్పినా ఒక్కమాట మాత్రం ఒప్పుకునేది. ఆ పెట్టె తెరిచి నాణెం చేతిలోకి తీసుకున్నంతసేపూ ఆయన కాలు ఊగదు. పెట్టె మూస్తే మళ్ళీ మామూలే.

నాలుగో గుంట నిండకపోవడానికి కారణాలు లేకపోలేదు. ఒకసారి డబ్బు సిద్ధమయ్యేసరికి ఇంటి పైకప్పు కారింది. ఒకసారి ఆవిడకి ఆపరేషను. మూడోసారి నిజంగానే వచ్చింది, పోస్టులో, దూది చుట్టిన చిన్న డబ్బాలో. ఆయన దూది విప్పాడు, వేలి కొస మీద నిలబెట్టి మీటాడు. టప్. పైన బంగారు పూత, లోపల సీసం. పంపినవాడి అడ్రసూ లేదు, ఫోనూ లేదు.

ఆ టైముకి ఆయన బావమరిది అక్కడే ఉండటం ఆయన ఖర్మ. బావమరిది అంటే ఆవిడ తమ్ముడు. ఇళ్ళు మారేవాళ్ళ సామాను లారీలో చేరవేసే డ్రైవరు. నోరు పెద్దది, చెయ్యి పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఆ రోజు నుంచి బావని చూడగానే "ఏం బావా, సీసపు గుర్రానికి గడ్డి వేశావా" అనడం అలవాటు చేసుకున్నాడు. ఎవరి పుట్టినరోజుకి కలిసినా అదే, ఆసుపత్రిలో ఎవర్నో చూడ్డానికి వెళ్ళినా అదే. ఠంగుగారు పైకి నవ్వేవాడు. లోపల మాత్రం అరికాలి మంట నెత్తికెక్కేది. నాణేలంటే ఆ మనిషికి ఏం తెలుసు? చచ్చిన రాజుల మొహాలు ఎందుకు బావా, బతికున్న మనుషుల మొహాలు చూడు అనేవాడు. దానికి జవాబు లేకపోవడం మరీ మంట.

ఇప్పుడు కథలోకి వద్దాం. ఠంగుగారు కొట్లో పని మానేసే రోజు దగ్గరపడింది. ఇంక వారం పది రోజులు. ఒక సెలవురోజు మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. టీ తాగాడు, అక్కని ఆట పట్టించాడు, కాసేపు లారీ టైర్ల గురించి మాట్లాడాడు. అప్పుడు చొక్కా జేబులోకి చెయ్యి పెట్టి, తాళంచెవులు, చిల్లర, నలిగిన బస్సు టికెట్లతోపాటు ఒకటి తీసి టేబులు మీద పెట్టాడు.

"ఇది చూడు బావా. ఒక ముసలావిడ ఇల్లు ఖాళీ చేస్తుంటే దొరికింది, కొన్నాను. పనికొచ్చేదేనా?"

గుర్రం. నాలుగు కాళ్ళూ గాలిలో. కత్తి ఎత్తిన రాజు.

ఆ క్షణంలో ఠంగుగారికి ఏమైందో ఆయన తర్వాత తనలో తాను చాలాసార్లు చెప్పుకున్నాడు కాబట్టి మనమూ దాచాల్సిన పని లేదు. సంతోషం కాదు. ఒళ్ళంతా బగ్గున మండింది. జీవితమంతా తను తిండి తగ్గించుకుని వెతికింది, వీడికి, చచ్చిన రాజుల మొహాలు ఎందుకనేవాడికి, చిల్లరతో కలిపి జేబులో దొరికిందా? టేబులు మీద కప్పు సాసరులో నిశ్శబ్దంగా ఉంది. బావమరిది ముందుకు వంగి, ఏదో చెప్పబోతున్నవాడిలా నోరు సగం తెరిచి ఆయన మొహంలోకి చూస్తున్నాడు.

ఠంగుగారి పద్ధతి ఒకటుంది. ఏ నాణెమైనా ముందు చెవి, తర్వాత త్రాసు, తర్వాత భూతద్దం. ఈ మూడూ అయ్యాక కూడా ఒక రాత్రి నిద్రపోయి లేచి గానీ మాట చెప్పడు. ఆ రోజు నాణేన్ని వేలి కొస మీద నిలబెట్టాడు, పెన్సిలుతో అంచు మీద మీటాడు.

టప్.

ఇంకేం, లోపల ఏదో గంతులేసింది. త్రాసు పక్క గదిలోనే ఉంది, లేవలేదు. భూతద్దం చేతికందే దూరంలో ఉంది, అందుకోలేదు.

"నకిలీ," అన్నాడు. "బంగారం అయితే అయ్యుండొచ్చు. కానీ ఈమధ్య ఎవరో పోత పోసింది. అసలుది ఇలా పలకదు." అని ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "సీసపు గుర్రానికి తోడు దొరికిందిలే, రెంటికీ కలిపి గడ్డి వేద్దాం."

బావమరిది నవ్వలేదు. తెరిచిన నోరు మూసుకున్నాడు. నాణేన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి, "నువ్వే అన్నావంటే ఇంక తిరుగేముంది బావా" అని జేబులో వేసుకుని లేచాడు. ఆ రాత్రి ఠంగుగారు కూర మళ్ళీ వడ్డించుకుని తిన్నాడు. ఆవిడ ముభావంగా ఉంది. తమ్ముడి మీద జాలేమో అనుకున్నాడు.

రెండు మూడు రోజులు పోయాక, పొద్దున ఆయన పేపరు చూస్తుంటే ఆవిడ పక్కన కూర్చుని చొక్కాకి గుండీ కుడుతోంది. కుడుతూ కుడుతూ ఆయన చెయ్యి లాక్కుని ఉంగరపు వేలికి నీలం దారం చుట్టింది. ఇదేంటే అని అడిగితే, దారం ఎంత మిగిలిందో చూస్తున్నా, కదలకండి అంది. ఆయన కదిలాడు. "వేలు కూడా ఊగుతుందా మీకు" అని విసుక్కుంటూ దారం తుంచుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజే కొట్లో కొత్త సరుకు దిగింది. ఆయన చివరిసారి వినబోయే సరుకు. బోసిగా తెల్లటి కప్పులు, అంచుకి సన్నటి నీలిగీత. వరసగా మీటుతున్నాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్. ఒకటి టప్‌మంది. అలవాటుగా వెలుతురు దగ్గరికి పట్టుకెళ్ళాడు. చెవి కింద నుంచి అంచు దాకా పాకిన పగులు, వెంట్రుకంత. మంచి కప్పే. మేలైన మట్టి, మంచి కొలిమిలో కాల్చింది. పగిలింది, అంతే. పక్కన పెట్టాడు.

పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

మంచి కప్పు పగిలితే టప్‌మంటుంది. మరి మంచి నాణెం పగిలితే?

నాణేల పుస్తకాలన్నీ ఒకే మాట చెబుతాయి, మొద్దుగా పలికితే పోత పోసిందని. ఆయన కూడా నాణేల దగ్గర కూర్చున్నప్పుడు ఆ పుస్తకాల మనిషే. కొట్లో మనిషిని బయట చెప్పుల దగ్గర వదిలి వెళ్ళేవాడు. వందల ఏళ్ళు పల్చటి రేకులా బతికిన నాణెం, ఎవరో వంచి ఉంటారు, ఎవరో సరిచేసి ఉంటారు, లోపల ఒక పగులు ఉండకూడదా? రోజూ ఇన్ని కప్పుల్లో చూసేది ఆ ఒక్క నాణెంలో ఎందుకు చూడలేదు? ఎందుకో ఆయనకి తెలుసు. చూడదల్చుకోలేదు కాబట్టి.

కప్పులు అలాగే వదిలేసి బయటికి నడిచాడు. కొట్టు యజమాని నోరెళ్ళబెట్టాడు. పనివేళలో ఆ మనిషి గడప దాటడం ఆయన ఎన్నడూ చూడలేదు.

బావమరిది ఫోను కలవలేదు. లారీ నడుపుతుంటే ఫోను ఆపేయడం అతని అలవాటు. ఇంటికి చేశాడు. ఆ నాణెం వాడు ఏం చేశాడే అని అడిగితే ఆవిడ తడబడింది. తనకేం తెలుసంది. కాస్త ఆగి, బస్టాండు దగ్గర తన గొలుసు అతికించిన నగల పనాయనకి కరిగించమని ఇచ్చినట్టున్నాడంది. ఇప్పుడు అదంతా మీకెందుకు, కొట్లో పని లేదా అంది. ఆయన ఫోను పెట్టేశాడు.

బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. కాలుగాలిన పిల్లిలా ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య తిరిగాడు. కండక్టరు రెండుసార్లు కసిరాడు. నిజం చెప్పాలంటే, ఆ బస్సులో ఆయనకి ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. నాణెం ఇంకా కరగకపోతే, నగల పనాయనకి బరువుకి బరువు బంగారం ఇచ్చి తనే తీసుకుంటే? బావమరిదికి కావలసింది బంగారం, తనకి కావలసింది గుర్రం. ఎవరికీ తెలియదు. ఛీ అనుకున్నాడు. అనుకున్నాక మళ్ళీ అదే వచ్చింది. సిగ్నలు దగ్గర బస్సు ఆగితే ఉండబట్టలేక దిగి పరుగెత్తాడు. ఆ వయసులో అలా పరుగెత్తే మనిషిని చూసి జనం పక్కకి తప్పుకున్నారు, ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనుకున్నారేమో.

నగల పనాయన గది మేడ మీద ఉంది. ఇరుకు మెట్లు. లోపల ఒక బల్ల, బల్ల మీద గొట్టంతో ఊదే మంట, బంగారం కరిగించే మసిపట్టిన చిన్న మూస, చేత్తో తిప్పి రేకులు సాగదీసే మిషను. పనాయన నుదుటి మీదికి అద్దాలు ఎత్తుకుని, ఆయాసపడుతున్న మనిషికి ముందు స్టూలు చూపించాడు. తర్వాత అడిగాడు, ఏం కావాలని.

"గుర్రం బొమ్మ నాణెం. లారీ డ్రైవరు ఇచ్చింది."

"అదా, పొద్దున్నే కరిగించేశానండి."

బల్ల మీద వేలెడంత పసుప్పచ్చ కడ్డీ చూపించాడు. రాజు లేడు, గుర్రం లేదు, కత్తి లేదు. ఠంగుగారు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అలవాటు కొద్దీ గోరు ఎత్తాడు, మీటలేదు.

నగల పనాయన మాటకారి. అడగకుండానే చెప్పుకుపోయాడు. మూసలో పట్టేలా కత్తిరిద్దామని కత్తెర పెట్టాడో లేదో నాణెం దానంతటదే రెండుగా విరిగిపోయిందట. అంచు నుంచి గుర్రం వెనకకాలి దాకా పాత పగులు ఉందట, పైకి ఏమీ తెలియదు, లోపల ఎన్నేళ్ళదో మట్టి నల్లగా పేరుకుపోయి ఉందట. మెత్తని మేలిమి బంగారమట. మొన్న పోసిన పోతలో అంత పాత మట్టి ఎలా చేరుతుందో తనకి అంతుబట్టలేదట. అయినా మనకెందుకండీ, ఇచ్చినాయన కరిగించమన్నాడు, కరిగించాను, అన్నాడు.

అప్పుడు ఠంగుగారి కళ్ళు బల్ల మూల మీద పడ్డాయి. ఉంగరాల కొలత చూసే ఇనప కడ్డీ ఒకటి ఉంది. దానికి ఒక దారం చుట్టి ఉంది. నీలం దారం.

అది ఎవరిదని అడిగాడు.

"ఇదీ ఆ లారీ ఆయనదే. వాళ్ళ బావకి ఉంగరం. ఉద్యోగం ఆఖరి రోజున ఇస్తాడట. అసలు ఆ నాణెమే ఇద్దామని కొన్నాడట పాపం, ఎక్కడెక్కడో వెతికించి. ఎవరో బాగా తెలిసిన పెద్దాయన చూసి నకిలీ అని తేల్చేశాడట. నకిలీది బావ చేతిలో ఎలా పెడతానండీ, కనీసం బంగారమైనా అసలుది కదా, ఉంగరం చెయ్యండి అన్నాడు."

నగల పనాయన మంచినీళ్ళు ఇచ్చాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా చూసి, నెమ్మదిగా ఆయన చేతివేళ్ళ వైపు, తర్వాత దారం వైపు చూసి, నాలిక కరుచుకున్నాడు. మీరు వచ్చినట్టు చెప్పకండి బాబూ, రహస్యం బయటపెట్టానని నన్ను తిడతాడు అని బతిమాలాడు. సరేనన్నాడు ఈయన.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. కూర్చుంటే లేచేవాడు, లేస్తే కూర్చునేవాడు. ముల్లు మీద ఉన్నట్టే ఉండేవాడు. రోజుకి పదిసార్లు పెట్టె తెరిచి నాలుగో గుంటకేసి చూసి మూసేవాడు. లోపల ఒక కోర్టు నడిచేది. పోత పోసిన వాటికి మాత్రం పగుళ్ళు రావా? ఆ మట్టి ఎవరో కావాలని పెట్టింది కాకూడదా? ఎవరైనా వచ్చి అది నకిలీయేనయ్యా అని చెబితే వాళ్ళ కాళ్ళు పట్టుకునేవాడు. ఎవరూ రారు. చెప్పడానికి నాణెం లేదు. తండ్రిని కరిగించేసి కొడుకుని ఒక్కణ్ణే నిలబెట్టాడు తను.

భార్యకి చెబుదామని రెండుసార్లు వంటగది గుమ్మం దాకా వెళ్ళాడు. ఆవిడ ఏదో కూనిరాగం తీస్తోంది. రహస్యం దాచడం చేతకాని మనిషి, ఈ ఒక్కటీ దాచగలుగుతున్నానని మురిసిపోతోంది. మొహంలో తెలిసిపోతోంది. ఆ మొహం చూశాక ఆ ఆలోచన మానుకున్నాడు. ఆయన వెనక్కి తిరిగితే, "పని మానేస్తున్నానని బెంగా? పోనీలెండి, ఇంట్లో కూడా కప్పులు ఉన్నాయి, వాయించుకుందురుగాని" అంది.

ఆఖరి రోజు వచ్చింది. యజమాని టీ సెట్టు ఇచ్చాడు. గొడుగులాయన, తాళాలాయన వచ్చారు. ఇరుకు కొట్లో అందరూ పక్కకి తిరిగి నిలబడ్డారు. ఆవిడ కొత్త చీరలో వచ్చింది, వెనకే తమ్ముడు. అతను బావ చెయ్యి పట్టుకుని అందరి ముందూ ఉంగరం తొడిగాడు. ఎక్కడా బిగుతు లేదు, వదులు లేదు.

"రాజు నకిలీ అయినా బంగారం ఒరిజినలే బావా, నగల పనాయన గ్యారంటీ" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరో ఉంగరంతో ఒక కప్పు వాయించమన్నారు. వాయించాడు. ఠంగ్‌మంది. చప్పట్లు కొట్టారు. ఠంగుగారు కళ్ళు తుడుచుకుంటే పని వదిలిన బాధ అనుకుని యజమాని భుజం తట్టాడు.

టీ సెట్టు పెట్టెని లారీలో పెట్టి బావాబావమరుదులిద్దరూ ముందు సీట్లో కూర్చున్నారు. ఆవిడ ఇంకా కొట్లో కబుర్లు చెబుతోంది. అతను తాళం తిప్పబోయాడు.

"అది నకిలీ కాదురా," అన్నాడు ఠంగుగారు.

"ఏది బావా?"

"నాణెం. అసలుదే. లోపల పగిలి ఉంది, అందుకే అలా పలికింది. నేను త్రాసు తియ్యలేదు, అద్దం పెట్టలేదు. నీ జేబులోంచి అది రావడం చూసి ఓర్వలేకపోయాను. కుళ్ళుకున్నాను రా. అందుకే నకిలీ అన్నాను. నువ్వు నాకోసం తెచ్చావని అప్పుడు తెలీదు. తెలిసుంటే మాత్రం ఏం, అది కాదు మాట. నేను చూడకుండా చెప్పాను."

అతను తాళం మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఠంగుగారు తిట్టు కోసం కాచుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"నీ కాలు చూశాను బావా ఆ రోజు," అన్నాడు చివరికి.

"నా కాలా?"

"టేబులు కింద. ఆగిపోయింది. సీసపు గుర్రం వచ్చిన రోజు నువ్వు ఎంతసేపు చూసినా ఆగలేదు, నాకు బాగా గుర్తు. ఈ నాణెం పెట్టగానే టక్కున ఆగింది. హమ్మయ్య, అసలుదే దొరికింది అనుకున్నాను. ఇది నీకే బావా అందామని నోరు తెరిచాను. ఈలోగా నువ్వు నకిలీ అన్నావు."

"మరి అప్పుడే ఆ మాట అనొచ్చు కదరా."

"నీ కాలి కంటే నీ మాట పెద్దదనుకున్నాను బావా."

ఆవిడ వచ్చి తలుపు తీసింది. ఇద్దరి మధ్యా సర్దుకుని కూర్చుంది. కూర్చోగానే మొగుడి చెయ్యి ఒళ్ళోకి లాక్కుని ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. లారీ కదిలింది. ఆయన కాలు ఊగుతూనే ఉంది, ఆ ఊపుకి వెనక పెట్టెలో కొత్త కప్పులు సాసర్ల మీద గలగలలాడుతున్నాయేమోనని ఆవిడ ఒకసారి వెనక్కి కూడా చూసింది.

"సరిగ్గా సరిపోయింది కదూ? కొలత నాదే," అంది.

"సరిపోయింది," అన్నాడు ఆయన.